మొదటి జియోకాషింగ్ జీపీఎస్: చివరి పది మీటర్ల కోసం కొనాల్సిన యంత్రం

అమెరికాలోని ఓరిగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరానికి దక్షిణాన బీవర్‌క్రీక్ అనే చిన్న ఊరు ఉంది. 2000 మే 3న డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఆ ఊరి దగ్గర రోడ్డు వారన ఒక నల్లటి ప్లాస్టిక్ బకెట్టును చాలావరకు నేలలో పాతిపెట్టాడు. అందులో కొన్ని వస్తువులు వేసి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. వెతికి పట్టుకున్నవాళ్ళు అందులోంచి ఒకటి తీసుకుని, బదులుగా ఒకటి పెట్టి, పుస్తకంలో పేరు రాసి వెళ్ళాలి. జియోకాషింగ్ అనే ఆట అలా పుట్టింది.

అంతకుముందే ఎందుకు పుట్టలేదన్నది గమనించాల్సిన విషయం. మే 1 అర్ధరాత్రి దాటగానే అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతూ వచ్చిన పొరపాటును తీసేసింది. అంతవరకు సామాన్యుల చేతిలోని యంత్రం వంద మీటర్ల వరకు తప్పు చూపించేది. ఒక్క రాత్రిలో ఆ తప్పు పది, ఇరవై మీటర్లకు తగ్గింది. వంద మీటర్ల తప్పుతో బకెట్టును ఎవరూ వెతకలేరు, పది మీటర్ల తప్పుతో వెతకగలరు. ఈ ఆట మొత్తం ఆ తేడా మీద నిలబడింది. అందుకే మొదటి యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: దాచిన పెట్టె దాకా తీసుకెళ్ళే యంత్రం ఏదీ లేదు. పెట్టెకు పది మీటర్ల దూరం దాకా ఏదైనా తీసుకెళ్తుంది. ఆ చివరి పది మీటర్లలో, చెట్ల కింద, వానలో, చల్లబడిన వేళ్ళతో పట్టుకున్నప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందో చూసి కొనండి.

నేను పోర్ట్‌లాండ్ శివార్లలో ఉంటాను. మా ప్రాంతంలో తొమ్మిది నెలలు వాన, తలెత్తితే ఆకాశం కనిపించనంత ఎత్తు డగ్లస్ ఫర్ చెట్లు. ఇక్కడ బాగా పనిచేసే యంత్రం ఎక్కడైనా పనిచేస్తుందని నా నమ్మకం. కాబట్టి ఈ మార్గదర్శిలోని ఉదాహరణలు చాలావరకు ఇక్కడివే.

మొదటి అడుగు: కొనకముందు ఫోనుతో ఇరవై పెట్టెలు వెతకండి

ఇది డబ్బు ఆదా చేసే సలహా మాత్రమే కాదు. మీకు ఏ యంత్రం కావాలో చెప్పగలిగేది ఆ ఇరవై పెట్టెలే. చిన్న నోటు పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని, ఫోను మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ప్రతిసారీ ఒక వాక్యం రాయండి. వాన చినుకులకు తెర తనంతట తానే కదిలిందా? మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోయిందా? చెట్ల కింద నీలి చుక్క అటూ ఇటూ గెంతిందా? నిలబడి ఉన్నప్పుడు బాణం ఎటు చూపాలో తెలియక తిరిగిందా? చేతి తొడుగులు తీసి తీసి వేళ్ళు మొద్దుబారాయా? ఫోను రాయి మీద పడుతుందేమోనని భయపడి వాగు దాటడం మానుకున్నారా?

ఇరవై పెట్టెల తర్వాత ఆ పుస్తకం దాదాపు ఖాళీగా ఉంటే యంత్రం కొనకండి. నిజంగానే చెబుతున్నాను. నగరంలో, పార్కుల్లో, దీపస్తంభాల దగ్గర ఉండే పెట్టెలకు ఇవాళ్టి మంచి ఫోను చాలు. కొత్త ఫోన్లలో కొన్ని రెండు పౌనఃపున్యాల సంకేతాలను అందుకుంటాయి. ఆరుబయట అవి పాత చేతి యంత్రాలకు ఏమాత్రం తీసిపోవు. పుస్తకంలో ఒకే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే మాత్రం, మీరు దేనికి డబ్బు పెట్టాలో అదే చెబుతుంది. నా పుస్తకంలో సగానికి పైగా వాన గురించీ, మిగిలినదంతా బాణం గురించీ ఉంది.

రెండో అడుగు: తెర మీది అంకెను చదవడం నేర్చుకోండి

దుకాణంలో ఎవరైనా "దీని కచ్చితత్వం మూడు మీటర్లు" అంటే, ఆ మాటకు అర్థం తెలిసి ఉండాలి. అది ఆరుబయట, ఉపగ్రహాలు బాగా కనిపిస్తున్నప్పుడు యంత్రం తన గురించి తాను వేసుకునే అంచనా. హామీ కాదు. నిజమైన తప్పు చాలాసార్లు అంతకంటే తక్కువగా ఉంటుంది, కొన్నిసార్లు ఎక్కువగా ఉంటుంది.

జియోకాషింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. పెట్టెను దాచినవారి యంత్రం కూడా తప్పు చేసి ఉంటుంది. వారి తప్పు ఐదు మీటర్లు, మీ తప్పు ఐదు మీటర్లు అనుకోండి. రెండూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే పది మీటర్లు. ఒకదానికొకటి లంబంగా ఉంటే ఏడు మీటర్లు. ఏడు మీటర్ల వ్యాసార్ధం గల వృత్తమంటే సుమారు 154 చదరపు మీటర్ల నేల. పది మీటర్లయితే 314. వ్యాసార్ధంలో మూడు మీటర్లు పెరిగేసరికి వెతకాల్సిన చోటు రెట్టింపయింది. మీ యంత్రాన్ని ఎంత మంచిదానితో మార్చినా దాచినవారి వాటా తప్పు అలాగే ఉంటుంది. అందుకే మూడు మీటర్ల యంత్రానికీ రెండు మీటర్ల యంత్రానికీ మధ్య తేడా కోసం వంద డాలర్లు అదనంగా ఇవ్వకండి. చెట్ల కింద పదిహేను మీటర్లకు జారిపోయేదానికీ, ఆరు దగ్గర నిలబడేదానికీ మధ్య తేడా కోసం ఇవ్వండి.

ఈ ఆటలో స్థానాలను డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతుల్లో రాస్తారు. అక్షాంశంలో వెయ్యో వంతు నిమిషమంటే 1.85 మీటర్లు. రేఖాంశంలో అది ఊరిని బట్టి మారుతుంది: హైదరాబాదులో దాదాపు 1.77 మీటర్లు, పోర్ట్‌లాండ్‌లో 1.3 మీటర్లు. అంటే చివరి అంకె ఒక అడుగు వేసినంత దూరం. ఆ అంకె నిలకడగా ఉండదు, ఉండనక్కర్లేదు కూడా.

మూడో అడుగు: చెట్ల కింద ఏం జరుగుతుందో తెలుసుకుని, దాన్ని బట్టి ఎంచుకోండి

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి నుంచి వచ్చే సంకేతం నేలకు చేరేసరికి చాలా బలహీనపడుతుంది. యంత్రం చేసే పని ఆ సంకేతం ఎంతసేపటికి చేరిందో కొలవడం. కాంతి వేగంతో వచ్చే సంకేతం కాబట్టి సెకనులో పది కోట్లో వంతు తేడా వచ్చినా మూడు మీటర్ల తప్పు వస్తుంది.

ఆకులు ఆ సంకేతాన్ని పీల్చుకుంటాయి. తడిసిన ఆకులు ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. మీ ఒళ్ళు కూడా నీటితో నిండినదే, అందుకే యంత్రాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుంటే సగం ఆకాశాన్ని మీరే మూసేసినట్టు. అంతకంటే పెద్ద సమస్య ప్రతిఫలనం. కొండ చరియకో, లావైన మానుకో, గోడకో తగిలి వంకరగా వచ్చిన సంకేతం ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. నేరుగా వచ్చినదనుకుని యంత్రం దాన్ని కూడా లెక్కలో కలుపుకుంటుంది. కొలంబియా నది లోయలో బసాల్టు గోడల కింద నడుస్తుంటే, నిలబడిన చోటు నుంచి నేను కదలకుండానే యంత్రం నన్ను నదిలోకి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చింది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఎక్కువ ఉపగ్రహాలు. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ వ్యవస్థలను కూడా అందుకునే యంత్రానికి, చెట్ల సందుల్లోంచి కనిపించే ఉపగ్రహాలు ఎక్కువ. ఈరోజుల్లో చవక యంత్రాల్లో కూడా కనీసం రెండు వ్యవస్థలు ఉంటాయి. ఒక్క జీపీఎస్‌తో మాత్రమే పనిచేసే పాతదాన్ని, ఎంత చవకైనా, అడవి కోసం కొనకండి.

రెండోది, రెండో పౌనఃపున్యం. మామూలు యంత్రాలు 1575.42 మెగాహెర్ట్‌జ్ దగ్గర వచ్చే ఎల్1 సంకేతాన్ని వింటాయి. కొత్త ఉపగ్రహాలు 1176.45 దగ్గర ఎల్5 అనే ఇంకో సంకేతాన్ని కూడా పంపుతాయి. ఎల్5లో ఉండే సంకేత గుర్తులు పదింతలు వేగంగా వస్తాయి. ఎల్1 మీది మామూలు సంకేతంలో ఒక్కో గుర్తు పొడవు సుమారు 293 మీటర్లయితే, ఎల్5లో 29 మీటర్లు. కొలబద్ద మీద గీతలు దగ్గరగా ఉన్నట్టన్నమాట. వంకరగా తిరిగి వచ్చిన సంకేతాన్ని నేరుగా వచ్చినదాని నుంచి విడదీయడం యంత్రానికి తేలికవుతుంది. గార్మిన్ కంపెనీ యంత్రాల్లో దీన్ని మల్టీబ్యాండ్ అంటారు. లోయలు, దట్టమైన అడవి, ఎత్తైన మేడల మధ్య గల్లీలు మీ దారి అయితే దీనికి పెట్టే డబ్బు దండగ కాదు. పొలాల గట్లు, చెరువు కట్టలు, ఆరుబయటి కొండలు మీ దారి అయితే దీని వల్ల వచ్చే తేడా మీకు పెద్దగా తెలియదు.

అమెరికాలో వాస్, భారతదేశంలో గగన్ అనే సవరణ వ్యవస్థలు కూడా ఉన్నాయి. భూస్థిర ఉపగ్రహాల ద్వారా, అంటే ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేవాటి ద్వారా, ఇవి సవరణ లెక్కలను పంపుతాయి. ఆరుబయట ఉపయోగమే. దట్టమైన చెట్ల కింద ఆ ఒక్క ఉపగ్రహం కనిపించకపోతే వాటి సాయం అందదు. ఈ ఒక్క సౌకర్యాన్ని చూసి మాత్రం యంత్రాన్ని ఎంచుకోవద్దు.

నాలుగో అడుగు: దిక్సూచి ఉన్నదే తీసుకోండి

జీపీఎస్‌కు మీరు ఎక్కడున్నారో తెలుసు గాని, ఎటు తిరిగి ఉన్నారో తెలియదు. నడుస్తున్నప్పుడు వరుస స్థానాలను పోల్చి మీ దిక్కును ఊహిస్తుంది. మీరు ఆగారంటే ఆ ఊహ ఆగిపోతుంది. పెట్టె దగ్గర మీరు చేసే పని ఆగడం, తిరగడం, వంగడం. సరిగ్గా అవసరమైన చోట బాణం పిచ్చిగా తిరగడం మొదలుపెడుతుంది. జియోకాషర్లు దీన్ని తాగిన తేనెటీగ నాట్యం అంటారు: బాణం ఎటు చూపితే అటు నాలుగడుగులు వేయడం, అది మళ్ళీ తిరిగితే మళ్ళీ తిరగడం.

లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉన్న యంత్రం నిలబడి ఉన్నా బాణాన్ని నిలకడగా చూపుతుంది. మూడు అక్షాల దిక్సూచి అయితే యంత్రాన్ని ఎలా వంచి పట్టుకున్నా పనిచేస్తుంది. రెండు అక్షాలదైతే సమంగా పట్టుకోవాలి. ఒకే కుటుంబంలోని రెండు మోడళ్ళ మధ్య ధర తేడా చాలాసార్లు ఈ దిక్సూచి, గాలి పీడనంతో ఎత్తు కొలిచే పరికరం వల్లే వస్తుంది. ఎత్తు కొలిచేది ఈ ఆటకు అవసరం లేదు. దిక్సూచి అవసరం. మొదటి యంత్రానికే అది ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు: అనుభవం ఉన్నవాళ్ళు దిక్సూచి లేకపోయినా నెట్టుకొస్తారు, కొత్తవాళ్ళే బాణాన్ని నమ్ముకుని విసిగిపోయి ఆట వదిలేస్తారు.

ఒక జాగ్రత్త. సెల్లులు మార్చినప్పుడల్లా దిక్సూచిని మళ్ళీ సరిచేయాలి. సెల్లుల్లోని లోహమే దాన్ని మోసం చేస్తుంది. యంత్రాన్ని మెల్లగా మూడు వైపులా తిప్పమని తెర మీదే చెబుతుంది, అర నిమిషం పని. కారు బానెట్ పక్కన నిలబడి చేయవద్దు.

ఐదో అడుగు: సెల్లులు

డబుల్ ఏ సైజు సెల్లులతో, అంటే మనం పెన్సిల్ సెల్లులనే వాటితో, నడిచే యంత్రాన్నే మొదటిసారి కొనమంటాను. లోపలే ఉండే రీచార్జి బ్యాటరీలు ఇప్పుడు చాలా బాగున్నాయి, ఒక్క చార్జింగుతో రోజుల తరబడి వస్తాయి. కాని పెన్సిల్ సెల్లు ఏ పల్లెటూరి కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. పదేళ్ళ తర్వాత కూడా యంత్రం బతికే ఉంటుంది. లోపలి బ్యాటరీ వయసు మీరితే మార్చడం అంత తేలిక కాదు.

రోజువారీకి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జి సెల్లులు వాడండి, సంచిలో మాత్రం ఒక జత వాడిపారేసే లితియం సెల్లులు ఉంచండి. లితియంవి తేలిక, చలిలో నీరసించవు, ఏళ్ళ తరబడి నిల్వ ఉంటాయి. సెట్టింగులలో సెల్లు రకాన్ని తప్పకుండా మార్చండి: ఆల్కలైన్ 1.5 వోల్టులు, నికెల్‌ది 1.2. ఇది మార్చకపోతే నిండా చార్జి ఉన్న సెల్లులను కూడా యంత్రం సగమే అని చూపిస్తుంది. వాడని నెలల్లో ఆల్కలైన్ సెల్లులను లోపల వదలొద్దు. అవి కారితే యంత్రం పోయినట్టే.

ఆరో అడుగు: మీటలా, తాకే తెరా

మీటలు. వాన, చేతి తొడుగులు, బురద అన్నింటికీ తట్టుకునేవి అవే. ఊరి పార్కుల్లో, ఎండలో, పిల్లలతో వెతికేవాళ్ళకు తాకే తెర తేలిక, అందులో తప్పేమీ లేదు. తెరను మాత్రం దుకాణం లోపల కాకుండా గుమ్మం బయటికి తెచ్చి, వెనక దీపం ఆర్పి, ఎండలో చూడండి. ఫోను తెరలా మెరవకపోయినా, ఎండ పడేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపించేది మంచి తెర. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థం. ఈ ఆటకు అది చాలు.

ఏడో అడుగు: పటాలు, పెట్టెల వివరాలు లోపలికి ఎలా వస్తాయో చూడండి

పాతకాలపు యంత్రాల్లోకి అంకెలే ఎక్కేవి. పెట్టె వివరణ, సూచన, ముందు వెతికినవారి రాతలు కాగితాల మీద అచ్చు వేసుకుని పట్టుకెళ్ళేవారు. ఇప్పుడు జీపీఎక్స్ అనే ఫైలులో ఇవన్నీ కలిసి వస్తాయి. కొనబోయే యంత్రం పెట్టె వివరణనూ సూచననూ తెర మీద చూపించగలదో లేదో అడగండి. చూపించలేకపోతే వదిలేయండి.

జియోకాషింగ్ డాట్ కామ్‌లో ప్రీమియం సభ్యత్వం ఉన్నవారు పాకెట్ క్వెరీ అనే ఏర్పాటుతో ఒక దఫాలో వెయ్యి పెట్టెల దాకా ఒకే ఫైలుగా తీసుకోవచ్చు. దాన్ని కంప్యూటర్ నుంచి తీగ ద్వారా యంత్రంలో వేసుకుంటారు. కొన్ని కొత్త యంత్రాలు బ్లూటూత్ ద్వారా ఫోను నుంచే తెచ్చుకుంటాయి. అడవిలో ఫోనుకు సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ పని ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవాలి. ఏ పద్ధతి మీకు తేలికో అదే తీసుకోండి. ఇంట్లో కంప్యూటరే లేనివారికి తీగ మీద ఆధారపడే యంత్రం భారం.

పటాల సంగతి. మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంటే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత పటాలు ప్రపంచంలో దాదాపు ఏ ప్రాంతానికైనా వేసుకోవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తెలుగు రాష్ట్రాల పటాన్ని కూడా అలాగే వేసుకోవచ్చు. దారి మధ్యలో వాగు ఉందా, వంతెన ఎటుంది అన్నది పటం లేకపోతే తెలియదు. బాణం మాత్రం వాగును చూడకుండా నేరుగా అవతలి ఒడ్డును చూపిస్తుంది.

ఎనిమిదో అడుగు: ఎవరికి ఏది

ఇప్పుడు పేర్లు చెబుతాను. చేతి యంత్రాల్లో ఎక్కువగా కనిపించేవి గార్మిన్‌వే కాబట్టి అవే చెబుతున్నాను. ధరలన్నీ విడుదలైనప్పటివి, దుకాణంలో తగ్గవచ్చు.

2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్‌ఈ ధర 150 డాలర్లు. నలుపు తెలుపు తెర, పటం లేదు, కాని దిక్సూచి ఉంది, రెండు పెన్సిల్ సెల్లులతో 168 గంటల వరకు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. ఫోనుతో జతకట్టి పెట్టెల వివరాలు తెచ్చుకుంటుంది. ఫోనులో పటం చూసుకుంటూ చివరి వంద మీటర్లకు మాత్రమే చేతి యంత్రం తీసేవాళ్ళకు నేను ముందుగా దీన్నే చూపిస్తాను.

2019లో వచ్చిన ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ అన్నదమ్ముల్లాంటివి. రెండింటికీ రంగు తెర, లోపల పటం, మెమరీ కార్డు, 25 గంటల బ్యాటరీ. 22ఎక్స్ 200 డాలర్లు, 32ఎక్స్ 300. ఆ వంద డాలర్ల తేడా మూడు అక్షాల దిక్సూచిది, ఎత్తు కొలిచేదానిది. పటం కావాలనుకునేవారు కొంచెం ఆగి డబ్బు కూడబెట్టి 32ఎక్స్ తీసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకో నాలుగో అడుగులో చెప్పాను. వీటిలో బొడిపెలాంటి ఒక కర్రను బొటనవేలితో నొక్కుతూ అక్షరాలు ఎంచుకోవాలి. పేర్లు, అంకెలు కొట్టడం నెమ్మదిగా సాగుతుంది.

దట్టమైన అడవి, లోయలు మీ దారి అయితే జీపీఎస్‌మ్యాప్ 65ఎస్. రెండు పౌనఃపున్యాలు, దిక్సూచి, పెన్సిల్ సెల్లులు, చేతికి నిండుగా వచ్చే మీటలు. బ్యాటరీ మాత్రం 16 గంటలే. పేరు చివర ఎస్ లేని 65లో దిక్సూచి ఉండదు, పొరపాటున అది తీసుకోకండి. 2023లో 500 డాలర్లకు వచ్చిన జీపీఎస్‌మ్యాప్ 67 దీనికంటే పెద్ద తెరతో, 180 గంటల లోపలి బ్యాటరీతో చాలా గొప్ప యంత్రం. కాని మొదటి యంత్రంగా దాన్ని ఎవరికీ చెప్పను. ఈ ఆట మీకు నచ్చుతుందో లేదో ఇంకా తెలియని దశలో అంత ఖర్చు వద్దు.

అమెరికా నుంచి మన దేశానికి యంత్రం తీసుకెళ్ళేవారు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. కొన్ని మోడళ్ళలో, ఉదాహరణకు జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐలలో, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ అనే సౌకర్యం ఉంటుంది. పేరు చివర ఐ అనే అక్షరం దాని గుర్తు. భారతదేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ సమాచార పరికరాలు దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో ఇలాంటి పరికరాలతో దొరికి కేసుల పాలైన విదేశీ ప్రయాణికులున్నారు. సంకేతాన్ని అందుకోవడం తప్ప పంపడం తెలియని మామూలు యంత్రం వేరు, ఇది వేరు. ఇంటికి తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే ఐ ఉన్నదాన్ని కొననే కొనకండి.

తొమ్మిదో అడుగు: వాడినదాన్ని కొంటుంటే

వాడిన యంత్రం కొనడం మంచి ఆలోచనే. ఈ వస్తువులు గట్టివి. అయితే నా మొదటిది అలా కొన్నదే, మూడో నెలలోనే ఆగిపోయింది. సెల్లుల గదిలో స్ప్రింగు అడుగున పచ్చటి తుప్పు ఉన్నట్టు అప్పుడు గాని చూడలేదు. అమ్మినవారు దాన్ని పైపైన తుడిచి ఇచ్చారు. అందుకని మూత తీసి, టార్చి వేసి, స్ప్రింగుల వెనక వరకు చూడండి. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ వదులైందేమో వేలితో నొక్కి చూడండి. మీటలన్నీ ఒక్కొక్కటీ నొక్కండి.

తర్వాత తేదీ చూడండి. జీపీఎస్ వారాలను 0 నుంచి 1023 వరకే లెక్కపెట్టి మళ్ళీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది. సవరించని పాత యంత్రాలు తేదీని దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి చూపిస్తాయి. స్థానం సరిగ్గానే ఉండవచ్చు గాని, మీరు నడిచిన దారి నమోదులో తేదీలన్నీ తప్పు పడతాయి.

చివరగా ఆరుబయట యంత్రాన్ని ఆన్ చేసి పావుగంట వేచి ఉండండి. చాలాకాలం మూలనపడి ఉన్నదానికి ఉపగ్రహాల పట్టిక మొత్తం అందాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అమ్మేవారు "పనిచేయడం లేదు" అని చవకగా ఇస్తున్నవాటిలో కొన్నింటికి కావాల్సింది ఆ పావుగంట ఓపికే. పావుగంట తర్వాత కూడా ఆరుబయట స్థానం చూపించకపోతే తిరిగి ఇచ్చేయండి.

పదో అడుగు: ఇంటికి తెచ్చిన రోజు

మొదట సెట్టింగులు. స్థానం రాసే పద్ధతి డిగ్రీలు, నిమిషాలు, దశాంశాలు ఉండాలి. 17.460 నిమిషాలను పొరపాటున 17 నిమిషాల 46 సెకన్లుగా కొడితే అర కిలోమీటరుకు పైగా పక్కకు పోతారు. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కించడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనా, ఆ చోట డబ్ల్యూజీఎస్84 ఉండాలి. వాడిన యంత్రాల్లో ముందటి యజమాని దీన్ని మార్చి ఉండవచ్చు. పాత అమెరికా పటాలకు వాడే ఎన్ఏడీ27 ఉంటే మా పడమటి రాష్ట్రాల్లో వంద మీటర్ల దాకా తేడా వస్తుంది. మన సర్వే శాఖ పాత పటాలకు ఆధారమైన, ఎవరెస్ట్ గోళాభం అనే పాత భూమి ఆకారపు లెక్క మీది డేటమ్‌లు ఉంటే ఇంకా ఎక్కువ తప్పుతుంది. ఉత్తరం అనే చోట నిజ ఉత్తరం పెట్టండి. హైదరాబాదులో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే గాని, పోర్ట్‌లాండ్‌లో సుమారు 15 డిగ్రీలు. యంత్రాన్ని ఒకదానికీ, చేతిలోని మామూలు దిక్సూచిని ఇంకోదానికీ పెట్టుకుంటే ముప్పై మీటర్ల దూరంలోనే ఎనిమిది మీటర్లు తప్పుతారు.

తర్వాత పరీక్ష. ఇంటి దగ్గర ఆరుబయట ఒక రాయికో, గట్టు మూలకో గుర్తు పెట్టండి. సగటు తీసే సౌకర్యం ఉంటే వాడి, ఐదు నిమిషాలు కదలకుండా ఉండి దాని స్థానం నమోదు చేయండి. మరో రెండు రోజులు వేరే వేళల్లో మళ్ళీ చేయండి. మూడు స్థానాల మధ్య దూరం ఎంతో చూడండి. తర్వాత అదే పని ఒక పెద్ద చెట్టు కింద చేయండి. ఆ రెండు అంకెలు మీ యంత్రం గురించి ఏ సమీక్ష కంటే ఎక్కువ చెబుతాయి.

పెట్టె దగ్గర వాడే తీరు కూడా అప్పుడే సాధన చేయండి. ఇరవై, ముప్పై మీటర్ల దూరంలో ఆగి, యంత్రాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని, బాణం ఎటు చూపుతుందో ఆ దిక్కులో ఒక చెట్టునో రాయినో గుర్తుంచుకోండి. పక్కకు నడిచి ఇంకో వైపు నుంచి అలాగే చేయండి. మూడో వైపు నుంచి కూడా. ఆ మూడు గీతలు కలిసే చోటికి వెళ్ళి, యంత్రాన్ని జేబులో పెట్టేసి కళ్ళతో వెతకండి. అసహజంగా పేర్చిన కట్టెలు, చెట్టు మొదట్లో తొర్ర, పక్కవాటికంటే పొడిగా ఉన్న రాయి. సున్నా మీటర్లు చూపించే చోటు కోసం తిరగడం కంటే ఇది ఎన్నో రెట్లు త్వరగా తేలుతుంది.

ఇక మొదటి గమ్యంగా ఈ అంకెలను చేత్తో కొట్టండి: ఉత్తరం 45° 17.460', పశ్చిమం 122° 24.800'. అల్మర్ బకెట్టు పాతిన చోటు అదే. బకెట్టు ఇప్పుడు లేదు, దాని జ్ఞాపకంగా నేలలో ఒక ఫలకం ఉంది. ఓరిగాన్‌లో ఉన్నవారు ఒక ఆదివారం వెళ్ళి రావచ్చు. హైదరాబాదులో డాబా మీద నిలబడి కొట్టినవారికి దూరం పన్నెండున్నర వేల కిలోమీటర్లకు పైగా కనిపిస్తుంది. బాణం తూర్పున ఉన్న సముద్రం వైపు కాకుండా, ఉత్తరానికి కొద్దిగా తూర్పుగా, సుమారు 16 డిగ్రీల దగ్గర నిలవాలి, ఎందుకంటే అక్కడికి దగ్గరి దారి ధ్రువ ప్రాంతం మీదుగా పోతుంది. అలా నిలిస్తే పశ్చిమాన్ని తూర్పుగా కొట్టలేదనీ, దిక్సూచి సరిగ్గా ఉందనీ ఒకేసారి తెలుస్తుంది. నిలవకపోతే సెల్లులు తీసి మళ్ళీ వేసి, దిక్సూచిని మరోసారి సరిచేయండి.